పథ్యపత్రములో లేని సంగటిముద్ద

కార్వేటినగరమున బస్సు దిగి "డైట్ ఎక్కడ?" అని యడిగినచో ఎవరును ఆహారమును గూర్చి చెప్పరు. ఉపాధ్యాయులను తీర్చిదిద్దు జిల్లా విద్యాశిక్షణ సంస్థకు దారి చూపుదురు. ఆ సంస్థ ఆంగ్లనామమునందలి మొదటి యక్షరములు కలిసి 'డైట్' అయినవి. 1986 జాతీయ విద్యావిధానము ననుసరించి దేశమంతట వెలసిన అట్టి సంస్థలలో అది యొకటి. చిత్తూరు సీమలో పంతులుద్యోగము కోరి చదివినవారికి కార్వేటినగరమనగానే వేణుగోపాలస్వామి కోవెలయు, స్కందపుష్కరిణియు, వానితో పాటు ఈ డైటును జ్ఞప్తికి వచ్చును.

అదే మాట ఇటీవలి కాలమున మరియొక యర్థముతో ఆ ప్రాంతపు ఇండ్లలోనికి వచ్చినది. మధుమేహమునకో, మూత్రపిండముల వ్యాధికో పుత్తూరు మీదుగా తిరుపతికి, లేదా చిత్తూరు మీదుగా వేలూరికి పోయి వచ్చినవారు మందులచీటితో పాటు ఇంకొక కాగితమును తెచ్చుకొనుచున్నారు. దానిని 'డైట్ చార్టు' అందురు. కొన్నాళ్లు అది గోడమీది క్యాలెండరు మేకునకు తగిలించి యుండును. ఇంటివారు దానిని భయభక్తులతో చూతురు. కాని వంటచేయునపుడు దాని ప్రకారము నడచుకొనలేరు. ఏడాది తిరిగి క్యాలెండరు మారునప్పటికి ఆ కాగితము ఎక్కడ పోయినదో ఎవరికిని తెలియదు.

పేరొక్కటే గాని ఈ రెండింటికిని ఏమి సంబంధమని తోచవచ్చును. సంబంధమున్నది. పథ్యము చెప్పుట యనగా బోధించుట. బోధకుడు ముందు విద్యార్థికేమి తెలియునో, ఏమి తెలియదో కనుగొనును. తరువాత వానికి తెలిసిన మాటలతో తెలియని విషయము చెప్పును. చెప్పినది పట్టుపడినదో లేదో మరల పరీక్షించును. ఈ మూడు పనులును లేని పథ్యము వట్టి కాగితము. ఆహారశాస్త్రము మనదేశమున మిక్కిలి పెరిగినది. ఆహారమును బోధించు వృత్తి మాత్రము పెద్దయాసుపత్రుల గోడలు దాటి రాలేదు. నేటి పథ్యవైద్యమునకు గల ప్రధానలోపమిది.

పాత పథ్యము, క్రొత్త శాస్త్రము

పథ్యమను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. జ్వరము వచ్చినచో లంఖణము, తగ్గిన పిమ్మట పథ్యము పెట్టుట, బాలింతకు కారపుపొడియు వెల్లుల్లియు, పుండు పడినవానికి వంకాయ, గోంగూర, గుమ్మడికాయల నిషేధము - ఇవి ప్రతి యింటను విన్నవే. ఆ పథ్యములో ఒక మేలుండెను. చెప్పు వైద్యుడు ఆ యూరివాడు. రోగి యింటిలో ఏమి వండుదురో, ఏ మాసమున ఏమి దొరకునో అతనికి తెలియును. అందుచేత ఆచరింపరాని మాట అతని నోట వచ్చెడిది కాదు.

దానిలో కీడును లేకపోలేదు. అది చాలవరకు నిషేధముల పట్టిక. కారణము చెప్పదు, కొలత చెప్పదు. బాలింతకు ఆకుకూరలు, పండ్లు, కొన్నిచోట్ల మంచినీరు సైతము తగ్గించి పెట్టుట ఆ పథ్యమునందలి దోషమే. పాలిచ్చు తల్లికి అధికాహారము కావలసిన సమయముననే అల్పాహారము విధింపబడెను. ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 సంవత్సరముల వయసుగల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత యున్నట్లు 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే తేల్చినది. దానికి కారణములు పెక్కు. వానిలో ఇంటింటి పథ్యమునకును కొంత పాలు కలదు.

ఈ లోపమును దిద్దుటకు వచ్చినది క్రొత్త ఆహారశాస్త్రము. దాని చరిత్రలో తెలుగునేలకు గొప్ప స్థానమే యున్నది. ఉత్తరసర్కారులలో మరపట్టిన పచ్చిబియ్యము తినువారిని బాధించిన బెరిబెరి వ్యాధి ఆనాటి పరిశోధకుల దృష్టి నాకర్షించినది. 1918లో కూనూరునందు మెక్‌కారిసన్ పండితుడు ఒక్క గదిలో ప్రారంభించిన పరిశోధనకు 'బెరిబెరి విచారణ' యనియే పేరు. అదియే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. భారతీయాహార పదార్థములలో ఏవి యెంత యున్నవో తెలుపు పట్టికలు 1937లో ఐక్రాయిడ్ కాలమున కూనూరులో మొదలై, 2017లో హైదరాబాదునుండి సమగ్రరూపమున వెలువడినవి.

ఆ సంస్థ ఉత్తమకార్యములలో నొకదానిని ఇచ్చట స్మరింపదగును. జొన్నయే ప్రధానాహారముగా గల తెలంగాణపు పేదలలో పెల్లాగ్రా వ్యాధి యేల వచ్చుచున్నదని గోపాలన్, శ్రీకాంతియా అను పండితులు 1960 ప్రాంతమున పరిశోధించిరి. అంతవరకు ఆ వ్యాధి మొక్కజొన్న తినువారికి వచ్చునదని ప్రపంచము తలచెడిది. వారు విదేశగ్రంథమును మాత్రమే చూడక, ఎదుటనున్న రోగి కంచమును చూచిరి. పథ్యవైద్యమునకు ఇదియే ఆదర్శము కావలెను. పరిశోధకుడు కంచము చూచినట్లు పథ్యము వ్రాయువాడును కంచము చూడవలెను.

సంగటి సంగతి

కార్వేటినగరము పరిసరములలో ఆ కంచమునందుండునది సంగటి. అన్నమో నూకలో ఉడుకుచుండగా రాగిపిండి చేర్చి, తెడ్డుతో గట్టిగా కెలికి, ముద్దలు కట్టుదురు. దానికి తోడు పప్పు, ఎనిపిన ఆకుకూర, పచ్చిపులుసు, వేరుసెనగ ఊరుబిండి. వేసవిని రాగి అంబలి. మామిడికాలమున తోతాపురి మొదలు ఇంటనున్న ప్రతి పండును ఆరగింతురు. తిరుత్తణి ప్రాంతము 1960లో మదరాసు రాష్ట్రమునకు చేరినను, వంటయిండ్లకు ఆ సరిహద్దు పట్టలేదు. అటు ఇటు ఆహారమొక్కటే.

ఇట్టి యింటికి వచ్చిన పథ్యపత్రములో ఏముండునో అట్టి పత్రములను చూచినవారికి తెలియును. ఉదయము ఓట్లు లేదా రెండు ఇడ్లీలు, పదకొండు గంటలకు ఒక ఆపిలుపండు, మధ్యాహ్నము రెండు పుల్కాలు, ఒక కప్పు కూర, సాయంకాలము చక్కెర లేని టీ, రాత్రి మరల పుల్కాలు. కప్పు ఎంతటిదో చెప్పరు. పుల్కా ఆ యింట ఎన్నడును కాలినది కాదు. ఉదయము ఆరుగంటలకే చేనికి పోవు మనిషికి పదకొండు గంటల ఆపిలుపండు ఎవరిత్తురో తెలియదు. "ఈ కాయితంలో సంగటే లేదు గదమ్మా, ఇంగేం చేసి పెట్టేది?" అని ఆ యింటి యిల్లాలు అడిగినచో, ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే పథ్యనిపుణుని విద్య. ఆమె యడుగుటకు అక్కడ ఎవరును లేకపోవుటయే చిక్కు.

ఎవరును చెప్పనప్పుడు లోకమే చెప్పును. "షుగరు వచ్చినదా? అన్నము మాని సంగటి తిను, ఎంతైన తినవచ్చును" అని. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట ఈ మాటకు బలము హెచ్చినది. ఇందులో సగము సత్యమున్నది. 2017 పట్టికల ప్రకారము నూరు గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియము, 11 గ్రాముల పీచు కలవు. తెల్లబియ్యమున పీచు 3 గ్రాములు గూడ లేదు. కాల్షియము పది మిల్లీగ్రాములకు లోపే. ఎముకకును ప్రేవునకును రాగి మంచిదనుటలో సందేహము లేదు.

మిగిలిన సగము అసత్యము. అదే నూరు గ్రాముల రాగులలో పిండిపదార్థము 67 గ్రాముల వరకు, బియ్యమున 78 గ్రాముల వరకు ఉండును. ఒకపూట రెండువందల గ్రాముల ధాన్యము పట్టు ముద్దలు తిన్నవానికి అది రాగియైన 134 గ్రాములు, బియ్యమైన 156 గ్రాములు పిండిపదార్థమే. సంగటిలో రెండును కలిసి యుండును గనుక లెక్క ఈ రెంటికి నడుమ పడును. పైగా మెత్తగా మరపట్టిన పిండి త్వరగా జీర్ణమై రక్తమున చక్కెరను త్వరగా పెంచును. కావున సంగటి మంచి ఆహారము. మందు మాత్రము కాదు. బియ్యమును మాని ముద్దల సంఖ్య పెంచినవానికి మిగులునది నిరాశయే. బెల్లము విషయమును ఇట్టిదే. చెరకు పండు సీమలో "చక్కెర కీడు, బెల్లము మేలు" అను మాట మిక్కుటముగా వినబడును. బెల్లములోను అధికభాగము చక్కెరయే; రక్తమునకు రంగుభేదము తెలియదు.

మరి యేమి చెప్పవలెను? సంగటి మానవద్దనియే చెప్పవలెను. ముద్ద పరిమాణము తగ్గింపుమని, ఎంత తగ్గింపవలెనో ఆ యింటి గరిటెతోనే చూపవలెను. తగ్గినచోట ఎనిపిన ఆకుకూరయు, పప్పును పెంచుమనవలెను. పిండిని కొంచెము బరకగా పట్టింపుమనవలెను. మామిడిపండు తినదలచిన దినమున ముద్దలో కోత పెట్టుకొనుమనవలెను. మాత్రలు వేసికొని, లేదా ఇన్సులిను సూది పొడుచుకొని, తినకుండ పనికి పోరాదనియు, పోయినచో చక్కెర పడిపోయి ప్రాణము మీదికి రాగలదనియు రెండుసారులు చెప్పవలెను. ఇందులో ఆపిలుపండు లేదు, ఖర్చు లేదు. చెప్పుటకు అరగంట కావలెను, విన్నదానిని మరల పరీక్షించుటకు వచ్చే నెలలో ఇంకొక పావుగంట కావలెను. మన వైద్యవ్యవస్థలో కొరతయైనవి ఈ ముప్పావుగంటయు, దానిని వెచ్చించు మనిషియు.

రెండు కాగితములు

మధుమేహమున జరుగు నష్టము మెల్లగా జరుగును. మూత్రపిండముల వ్యాధిలో పథ్యమున పొరపాటునకు శిక్ష త్వరగా పడును. ఏండ్ల తరబడి అదుపు తప్పిన మధుమేహమే మూత్రపిండములను చెరుచు కారణములలో ముఖ్యమైనది. అందుచేత ఒకే మనిషికి మొదట ఒక పథ్యపత్రము, కొన్నియేండ్లకు రెండవ పత్రము వచ్చును. ఈ రెండును ఒకదానితో నొకటి పోట్లాడును.

రాగులలో నూరు గ్రాములకు 440 మిల్లీగ్రాముల పైచిలుకు పొటాసియము కలదు. తెల్లబియ్యమున దానిలో నాల్గవవంతు. చెడిన మూత్రపిండము పొటాసియమును బయటికి పంపజాలదు. అది రక్తమున పెరిగినచో గుండె ఆగిపోవచ్చును. కావున నిన్న "అన్నము తగ్గించి సంగటి తినుము" అన్న వైద్యమే, రక్తపరీక్షలో పొటాసియము పెరిగిన పిమ్మట "సంగటి తగ్గించి అన్నము తినుము" అనవలసి వచ్చును. కూరలు తరిగి, విస్తారమైన నీటిలో ఉడికించి, ఆ నీరు పారబోయుమనియు చెప్పుదురు. ఉడికిన నీరు పారబోసినచో సత్తువ పోవునని బడిలో చదివిన పిల్ల ఆ యింటనే యుండును. ఎవరి మాట నిజము? రెండును నిజమే, ఒకటి ఆరోగ్యవంతునికి, ఒకటి రోగికి. ఈ భేదమును ఎవరైన కూర్చుండి చెప్పినగాని తెలియదు. పరామర్శకు వచ్చు బంధువు ప్రేమతో తెచ్చు కొబ్బరిబొండము ఆ రోగికి హాని చేయవచ్చును. రక్తపుపోటునకు మంచిదని కొనితెచ్చు 'తక్కువ సోడియము' ఉప్పులో సోడియమునకు బదులు చేర్చునది పొటాసియమే యను సంగతి పొట్లము మీద చిన్నయక్షరములలో నుండును.

ఇంతకంటె గడ్డు చిక్కు మాంసకృత్తులది. డయాలిసిస్ అవసరము రాని దశలో, మూత్రపిండములకు భారము తగ్గుటకై మాంసకృత్తులను శరీరపు బరువులో కిలో ఒక్కింటికి దినమునకు 0.6 నుండి 0.8 గ్రాముల వరకు మాత్రమే తినుమందురు. 50 కిలోల మనిషికి అది 30 నుండి 40 గ్రాములు. డయాలిసిస్ మొదలైన నాటినుండి లెక్క తలక్రిందులగును. ఆ చికిత్సలో రక్తములోని మలినములతో పాటు శరీరపు సారమును కొంత కొట్టుకొనిపోవును గనుక, కిలోకు 1.0 నుండి 1.2 గ్రాములు, అనగా 50 నుండి 60 గ్రాములు తినవలెను. మనిషి యొక్కడే, వ్యాధి యొక్కటే, పథ్యము విరుద్ధము. గోడమీద మాత్రము పాత కాగితమే వ్రేలాడుచుండును. పప్పు, గ్రుడ్డు, మాంసము విషమని మూడేండ్లు నమ్మించిన యింటిలో, "ఇకమీదట దినమునకు రెండు మూడు గ్రుడ్ల తెల్లసొన పెట్టుడు" అన్న మాట వినబడినను నమ్మకము కుదురదు. రోగి క్రమక్రమముగా చిక్కిపోవును. బంధువులు "వ్యాధి ముదిరినది" అందురు. ఆ చిక్కిపోవుటలో ఆకలి పాలు ఎంతయో వారికి తెలియదు.

పథ్యము తప్పినవాడు దోషియని సమాజము తేలికగా తీర్పు చెప్పును. పథ్యము మారినదని అతనికి చెప్పనివారిని ఎవరును ప్రశ్నింపరు. రెండు వ్యాధులున్నవానికి రెండు పత్రములిచ్చి పంపుట వైద్యము కాదు. రెంటిని కలిపి ఒకే పత్రమును, దానిపై తేదీని వేసి, "ఇది ఇన్ని నెలలవరకే, తరువాత మరల రావలెను" అని వ్రాసి యిచ్చుట పథ్యనిపుణుని ధర్మము.

ఆరోగ్యవరము చెప్పు పాఠము

ఆహారము వైద్యములో భాగమా, వైద్యము ముగిసిన పిమ్మటి ముచ్చటయా యను వాదమునకు చిత్తూరు సీమలో ఒక పాత సాక్ష్యమున్నది. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయరోగుల శానిటోరియము వెలసినది. క్షయకు సరియైన మందులు లేని ఆ కాలమున విశ్రాంతి, నిర్మలవాయువు, పుష్టికరాహారము - ఇవియే చికిత్స. దక్షిణదేశపు నలుమూలలనుండి రోగులు అచ్చటికి వచ్చుచుండిరి.

మందులు వచ్చిన తరువాత మదరాసులోని క్షయ పరిశోధనకేంద్రమువారు రోగులను రెండు తెగలుగా జేసి, ఒక తెగకు శానిటోరియములోను, ఒక తెగకు పేదయిండ్లలోనే ఉంచియు మందులిచ్చి పోల్చి చూచిరి. 1959లో ఫలితములు వెలువడినవి. ఇంటివద్ద తక్కువ ఆహారముతో ఉన్నవారును మందులు సరిగా వాడినచో దాదాపు సమానముగా కోలుకొనిరి. ఆ పరిశోధన లక్షలమంది పేదలకు మేలు చేసినది. ఆసుపత్రిలో పడక లేదని చికిత్స నిరాకరింపవలసిన పని తప్పినది. కాని దానినుండి లోకము మరియొక యర్థమును గూడ తీసికొన్నది - క్షయకు ఆహారముతో పనిలేదని. పరిశోధకులు నిరూపించినది మందుల శక్తి. ఆకలి నిర్దోషియని కాదు.

ఆరుదశాబ్దముల తరువాత ఆ పొరపాటు దిద్దుబాటైనది. జార్ఖండులో నాలుగు జిల్లాలలో క్షయరోగుల కుటుంబీకులు పదివేలమందికి పైగా ఉన్న ఒక పరీక్ష జరిగినది. కొన్ని కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల బియ్యము, ఒకటిన్నర కిలో కందిపప్పు, విటమినుల మాత్రలు ఇచ్చిరి. 2023లో ప్రకటింపబడిన ఫలితములనుబట్టి, అట్టి కుటుంబములలో క్రొత్తగా క్షయ సోకుట నూటికి 39 వంతులు తగ్గినది. బియ్యము, పప్పు చేసిన పని యిది. ఏ క్రొత్త మందైనను ఇంత చేసియుండినచో దానిని ప్రతి ఆరోగ్యకేంద్రమునకును పంపకుందురా? ప్రభుత్వము క్షయరోగులకు 2018 నుండి నెలకు 500 రూపాయలును, 2024 నవంబరు నుండి 1000 రూపాయలును పోషణకై యిచ్చుచున్నది. ధనమిచ్చుట మంచిదే. ఆ ధనముతో ఆ యింట ఏమి కొని ఎట్లు పెట్టవలెనో చెప్పువాడును ఉండవలెను.

ఆక్షేపణలు

పథ్యనిపుణులు పట్టణములకు తగిన వేడుక, పల్లెలకు ముందు వైద్యులు కావలెనని కొందరందురు. ఈ వాదము న్యాయముగా తోచును. కాని వైద్యుడున్నచోటనే ఈ కొరత మిక్కిలి బాధించును. ఒక పూటలో నూరుమందిని చూచు వైద్యుడు "ఉప్పు, తీపి తగ్గింపుము" అనుటకంటె ఎక్కువ చెప్పలేడు. అది అతని తప్పు గాదు. ఉపకేంద్రము మొదలు ప్రాథమిక ఆరోగ్యకేంద్రము వరకు ఉద్యోగుల వరుసలో మందులిచ్చువారున్నారు, రక్తము పరీక్షించువారున్నారు. పథ్యము చెప్పుటయే పనిగా గలవారు లేరు. దేశమున పదికోట్లమందికి పైగా మధుమేహులున్నట్లు 2023లో ప్రకటితమైన పరిశోధన చెప్పుచుండగా, ఆ వ్యాధికి సగము చికిత్సయైన ఆహారమును చెప్పువారు లేకుండుట వింత.

చదివినవారు లేరా యనిన, ఉన్నారు. తిరుపతిలో 1983లో స్థాపింపబడిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమున గృహవిజ్ఞాన శాఖ కలదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునను కలదు. పోషకాహారశాస్త్రము చదివిన యువతులు ఆ ప్రాంతమునుండియే వచ్చుచున్నారు. సంగటి తిని పెరిగిన ఆ బిడ్డలకు సంగటిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. వారికి ఉద్యోగములు నగరముల పెద్దయాసుపత్రులలోనే దొరకుచున్నవి గనుక వారటు పోవుచున్నారు.

వారు విడిచిన చోటును ఖాళీగా ఉంచుటకు వ్యాపారము ఒప్పుకొనదు. పది దినముల తరగతి విన్నవాడు 'న్యూట్రిషనిస్టు' అని పలక కట్టుకొని పొడిడబ్బాలు అమ్ముచున్నాడు. కండలు పెంచుకొనుటకై మాంసకృత్తుల పొడులు వాడవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో వెలువరించిన ఆహారసూత్రములలో చెప్పినది. ఆ మాట డబ్బా అమ్మువాని మాటవలె ఇంటింటికి నడచి పోలేదు. 2021లో పార్లమెంటు చేసిన ఆరోగ్యవృత్తుల చట్టము పథ్యనిపుణులను, పోషకాహార నిపుణులను గుర్తించి, వారి చదువునకును నమోదునకును కట్టుబాటు కల్పించినది. చట్టము నకిలీని అడ్డగింపవచ్చును. అసలైనవారిని పల్లెకు పంపునది మాత్రము ఉద్యోగమే.

పేదవానికి పథ్యమేమి, దొరికినది తినుటయే గదా యని మరికొందరందురు. దొరికినదానితోనే పథ్యము కుదుర్చుట ఈ విద్యకు పరీక్ష. వేరుసెనగలో నూటికి 23 వంతులకు పైగా మాంసకృత్తులున్నవి. డబ్బాలోని పొడికి పెట్టు ధనముతో నెలకు సరిపడు గ్రుడ్లు, పప్పు, వేరుసెనగ కొనవచ్చును. ఆహారము కొనలేనివానికి రేషను ఇప్పించుట ప్రభుత్వపు పని. ఉన్న నాలుగు వస్తువులను తగినట్లు పంచి పెట్టు తెలివి నిచ్చుట పథ్యనిపుణుని పని.

చేయదగినది

ఇందుకు భారీ ప్రణాళిక లవసరము లేదు. రెండు మూడు మండలములకు ఒక పథ్యనిపుణురాలిని నియమించి, వారమున ఒక్కొక్క దినము ఒక్కొక్క ప్రభుత్వ వైద్యశాలలో కూర్చుండబెట్టవలెను. రోగితో పాటు ఆ యింట వండునట్టి మనిషిని తప్పక పిలువవలెను. పథ్యము నిజముగా నడపునది ఆమెయే. పత్రము కప్పులలోను ఔన్సులలోను గాక ముద్దలలోను గరిటెలలోను ఉండవలెను. ప్రాంతమునుబట్టి మాట మారవలెను. చిత్తూరున రాగులైనవి శ్రీకాకుళమున చోళ్లు. ఒకే జిల్లాలో తెలుగు చదువలేక తమిళము చదువు రోగికి తమిళమున వ్రాసి యియ్యవలెను. అసలు చదువే రానివానికి బొమ్మతో చూపవలెను. వ్యాధి దశ మారినప్పుడెల్ల పాత పత్రమును తీసికొని క్రొత్తది యియ్యవలెను.

ఇంటిమాటలో చెప్పినదే మనసునకు పట్టునని కార్వేటినగరమునకు వేరొకరు చెప్పనక్కరలేదు. వేణుగోపాల ముద్రతో పదములు రచించిన సారంగపాణి ఆ సంస్థానమువాడే. జనుల నోటి పలుకులను సంకోచింపక పదములలోనికి తెచ్చినందుననే ఆయన పదములు నిలిచినవి. రాజాస్థానమునకు తగిన ఇంటిమాట పథ్యపత్రమునకు తగకుండునా?

ఇక ఆ యూరి డైట్ సంగతి. అచ్చట శిక్షణ పొందువారు రేపు వందలాది బడులకు పోవుదురు. మధ్యాహ్నభోజనము వేళ పిల్లల కంచములను దినమును చూచువారు వారే. షుగరు వచ్చిన తాతకు ముద్ద ఎంతయో, డయాలిసిస్ చేయించుకొను తండ్రికి గ్రుడ్డు ఎందుకో, బాలింతయైన అక్కకు ఆకుకూర ఏల మానరాదో బడిపిల్లకు తెలిసినచో ఇంటిల్లిపాదికి తెలియును. ఉపాధ్యాయ శిక్షణలో ఈ పాఠములకు కొన్ని గంటలు కేటాయించుట, ఆ గంటలలో పక్కవైద్యశాలలోని పథ్యనిపుణురాలిచే చెప్పించుట కష్టమైన పని కాదు. అప్పుడు ఒకే పేరుగల ఆ రెండు డైట్లకును నడుమ దారి పడును. క్యాలెండరు మేకునకు వ్రేలాడు కాగితమును చదివి చెప్పువారు ఆ యింటిలోనే యుందురు.